శాలువా రాజుగారూ, గిఫ్టెడ్ క్లాసూ

సువార్తరాజు గారికి శాలువా కప్పే జబ్బు ఉంది. కెనడాలో మిల్టన్ అనే ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళెవరికీ ఈ సంగతి కొత్త కాదు. తెలుగువాళ్ళు కానివారిలో చాలామందికి మాత్రం శాలువా భుజాల మీద పడ్డాకే తెలిసింది. ఘనకార్యం చేసి ఉండాలి, వేదిక ఉండాలి, మైకు ఉండాలి అన్న పట్టింపులేవీ ఆయనకు లేవు. మనిషికి రెండు భుజాలుంటే చాలు.

ఆయన కారు డిక్కీలో స్పేర్ టైరు ఉండాల్సిన చోట శాలువాలు ఉంటాయి. ఎర్ర అంచువి, పచ్చ అంచువి, ఒక్కొక్కటీ విడివిడిగా ప్లాస్టిక్ కవర్లో. పక్కనే చిన్న బుట్టలో ఆపిల్ పళ్ళు. నరసాపురం నుంచి ఎవరు బయల్దేరుతున్నా పచ్చళ్ళు తెమ్మని అడగరు. "ఓ రెండు డజన్లు పట్టుకురండి, బరువుండవు" అంటారు. ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ ఆఫీసరు ఒకసారి ఆయన్ని ఆపి, ఇన్ని శాలువాలు అమ్మకానికా అని నిలదీశాడు. పావుగంట తర్వాత ఆ ఆఫీసరు శాలువా కప్పుకుని, చేతిలో ఆపిల్‌తో ఫొటోలో ఉన్నాడు.

సన్మానానికి ఒక పద్ధతి ఉంది. ముందు శాలువాను ఫట్టున దులపాలి. జరీ అంచు పైకి వచ్చేలా కప్పాలి. ఆపిల్ చేతిలో పెట్టాలి. "ఈ శుభ సమయంలో" అని మొదలుపెట్టి రెండు నిమిషాలు మాట్లాడాలి. చివరికి ఫొటో. ఇంగ్లీషువాళ్ళయితే ఆ శుభ సమయాన్ని కూడా ఇంగ్లీషులోకి మార్చి చెబుతారు. ఏం శుభమో, ఏం సమయమో వాళ్ళకి అర్థమయ్యేలోపు జ్ఞానవతి గారు ఫోన్ ఎత్తి క్లిక్కుమనిపిస్తారు. నలభై ఏళ్ళ కాపురంలో ఆవిడకి అది అలవాటైపోయింది.

ఒక జనవరిలో వీధిలో మంచు తోసే లారీ వచ్చింది. రాజుగారు లుంగీ మీద జాకెట్ వేసుకుని, మోకాలి లోతు మంచులో పరుగెత్తి, దాని మెట్టెక్కి, కిటికీలోంచి డ్రైవరుకి శాలువా కప్పారు. ఇంకోసారి డెంటిస్టు దగ్గరికి వెళ్ళి, నోట్లో దూది ఉండగానే కుర్చీలోంచి లేచి ఆయనకి కప్పారు. ఉపన్యాసం దూదితోనే సాగింది కనుక ఒక్క ముక్కా బయటికి రాలేదు, అయినా నర్సులు చప్పట్లు కొట్టారు. జూలై నెల ఎండలో స్పీడుగా వెళ్తున్నారని టికెట్ రాసిన పోలీసుకి కూడా తప్పలేదు.

"ఎందుకండీ ఆయనకి?" అని అడిగితే ఎవరికైనా ఒకటే జవాబు.

"చలిగా ఉందండి."

"జూలైలోనా?"

"ఆయ్. జూలైలోనేనండి."

ఆయనకి మూడిళ్ళ అవతల టౌన్‌హౌస్‌లో వంశీధర్ ఉండేవాడు. హైదరాబాద్ మనిషి. న్యూజెర్సీలో ఏడేళ్ళు ఉండి, వీసాతో వేగలేక కెనడాకి వచ్చినవాడు. టొరంటోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పొద్దున్నే రైలు, సాయంత్రం రైలు. నలుగురి మధ్య గొంతు పెంచడమన్నా, నలుగురూ తనని చూడడమన్నా మహా ఇబ్బంది. దూరం నుంచి రాజుగారి చేతిలో ప్లాస్టిక్ కవర్ తళుక్కుమంటే చాలు, వంశీధర్‌కి అవతలి ఫుట్‌పాత్ మీద పని పడేది. అలాంటివాడు అదే రాజుగారితో కలిసి ప్రభుత్వం మీద పోరాటానికి దిగాల్సి వచ్చింది. దానికి కారణం అతని కూతురు ధాత్రి.

ధాత్రికి తొమ్మిదేళ్ళు. మూడో క్లాసులో ఉండగా టీచరు ఇచ్చిన లెక్కలు పది నిమిషాల్లో అయిపోయేవి. మిగతా సేపు క్లాసులో పెన్సిళ్ళన్నీ చెక్కించేవారు. తోటి పిల్లలు మాట్లాడడం మానేశారు. రోజూ పొద్దున్నే కడుపునొప్పి అనేది. ఒకరోజు వంశీధర్ ఆమె పరీక్ష కాగితం చూశాడు. ఏడెనిమిదులు యాభై నాలుగు అని ఉంది.

"ధాత్రీ, సెవెన్ ఎయిట్స్ ఎంతమ్మా?"

"ఫిఫ్టీ సిక్స్."

"మరి ఇదేంది?"

"దట్స్ వాట్ ఎవ్రీబడీ ఎల్స్ పుట్, నాన్నా."

ఆ రాత్రి వంశీధర్ అన్నం తినలేకపోయాడు. రానిది నేర్పించవచ్చు. వచ్చింది దాచుకుంటున్న పిల్లని ఏం చెయ్యాలో అతనికి తెలియలేదు. తర్వాత స్కూల్లో ఏవో పరీక్షలు పెట్టారు. నాలుగో క్లాసుకి ధాత్రిని గిఫ్టెడ్ క్లాసులో వేశారు. బుర్ర మరీ ముందుకు పరుగెత్తే పిల్లల్ని ఒకచోట చేర్చి, వాళ్ళకి తగ్గ చదువు చెప్పే క్లాసు అది. అక్కడ ఎమిలీ అనే పిల్ల దొరికింది. ఆక్టోపస్‌కి కలలొస్తాయా రావా అని ఇద్దరూ మూడు వారాలు పోట్లాడుకున్నారు. కడుపునొప్పి మాయమైంది. పిల్ల బస్సు కోసం పరుగెత్తుతుంటే కిటికీలోంచి చూసి వంశీధర్ తన రైలు రెండుసార్లు అందుకోలేకపోయాడు.

సరిగ్గా అప్పుడే స్కూల్ బోర్డు నుంచి ఈమెయిల్ వచ్చింది. ప్రావిన్సు ప్రభుత్వం ఇచ్చే నిధులు చాలడం లేదు కాబట్టి వచ్చే ఏడాది నుంచి ఆ క్లాసు ఎత్తేసి, పిల్లల్ని పాత స్కూళ్ళకి పంపే ప్రతిపాదన ఉంది, ట్రస్టీలు మార్చిలో ఓటు వేస్తారు, అని దాని సారాంశం. ట్రస్టీలంటే స్కూల్ బోర్డుకి జనం ఎన్నుకున్న సభ్యులు. మొత్తం తొమ్మిది మంది.

లైబ్రరీ మీటింగ్ రూములో పధ్నాలుగు మంది తల్లిదండ్రులు చేరారు. కమిటీ పెట్టాలన్నారు అందరూ. అధ్యక్షుడు ఎవరంటే మాత్రం అందరూ ఫోన్లు చూసుకున్నారు. అప్పుడు తలుపు దగ్గర, తిరిగివ్వాల్సిన పుస్తకం చంకలో పెట్టుకుని నిలబడ్డ రాజుగారు చెయ్యెత్తారు.

"అధ్యక్షుడికి పనేముంటుందండి?"

"లెటర్లు రాయాలంకుల్, మనుషుల్ని కలవాలి" అన్నాడు వంశీధర్.

"మనుషుల్ని కలవడం నాకు ఇష్టమేనండి."

"మీ మనవడు ఈ క్లాసులో ఉన్నాడా?" అని అడిగాడు కోదండరామ్. ఆయనకి ఇద్దరు కవల పిల్లలు, ఇద్దరూ గిఫ్టెడే. కోపం కూడా రెండింతలు.

"మా షాలేమ్ కొడుకు ఆండ్రూ పరీక్ష రాశాడండి. రాలేదు. హాయిగా హాకీ ఆడుకుంటున్నాడు."

"మరి మీకెందుకు సార్ ఈ గొడవంతా?"

"మా మనవడికి రాని క్లాసయితే మాత్రం, ఉండొద్దేంటండి?"

రాజుగారు ఏకగ్రీవంగా అధ్యక్షుడయ్యారు, వంశీధర్ కార్యదర్శి. పదవి వచ్చిన రెండో నిమిషంలో ఆయన కారు దగ్గరికి వెళ్ళి వచ్చి, మీటింగ్ రూము తాళాలు పారేసుకుని కంగారుగా వెతుక్కుంటున్న లైబ్రరీ ఉద్యోగినికి శాలువా కప్పారు.

పోరాటం మొదలైంది. విద్యామంత్రికి రాజుగారు రాసిన మొదటి లేఖలో సగం పేజీ మంత్రిగారి కుటుంబం క్షేమసమాచారాల కిందే పోయింది. వంశీధర్ అది కొట్టేసి, అంకెలు పెట్టి, పట్టికలు పెట్టి మళ్ళీ రాశాడు. శాసనసభ్యుడి ఆఫీసుకి కోదండరామ్ మూడు వారాలు ఫోన్ చేసినా అపాయింట్‌మెంట్ దొరకలేదు. రాజుగారు నేరుగా వెళ్ళారు. వెళ్ళేసరికి రిసెప్షన్‌లో అమ్మాయిని ఫోన్లో ఎవరో చెడామడా తిడుతున్నారు. ఆమె రిసీవర్ పెట్టేదాకా ఆగి, శాలువా దులిపారు. రెండు రోజుల్లో అపాయింట్‌మెంట్ వచ్చింది.

శాసనసభ్యుడు మర్యాదగా విన్నాడు. నిధులు మేమే ఇస్తాం కానీ, ఏ క్లాసు ఉండాలో బోర్డే తేల్చుకోవాలి అన్నాడు. బోర్డుని అడిగితే, తేల్చేది మేమే కానీ నిధులు ప్రావిన్సువి అంది. పధ్నాలుగు మందీ ఇటొకసారి అటొకసారి తిరిగి మెడలు నొప్పి పుట్టి ఇళ్ళకి చేరారు.

"ఓటు ముందు మనకి ఒక్క మీటింగే ఉంది అంకుల్. అయిదు నిమిషాలే మాట్లాడనిస్తారు. దయచేసి అక్కడ శాలువా వద్దు" అన్నాడు వంశీధర్.

"ఒక్కటి కూడానా అండి?"

"ఒక్కటి కూడా."

"లోపలికి తీసుకురాను. సరేనా అండి?" అన్నారు రాజుగారు. ఆ మాటలో ఉన్న సందు వంశీధర్ అప్పుడు గమనించలేదు.

ఫిబ్రవరిలో మీటింగ్ జరిగింది. తొమ్మిది మందిలో నలుగురు క్లాసు ఉంచాలనేవాళ్ళు, నలుగురు ఎత్తేయాలనేవాళ్ళు. ఎత్తేయాలనేవాళ్ళకి నాయకుడు డంకన్ అనే పొడుగాటి మనిషి. మాటలు సరిగా రాని చిన్నపిల్లలకి మాట నేర్పే టీచర్లు తగ్గిపోతున్నారని, ఉన్న డబ్బు ముందు వాళ్ళకివ్వాలని ఆయన వాదన. ఎటూ తేల్చుకోని తొమ్మిదో ఓటు మిసెస్ హార్గ్రీవ్‌ది. అరవై ఏళ్ళ సన్నటి మనిషి, మెల్లగా మాట్లాడేది.

వంశీధర్ అయిదు నిమిషాల్లో పదకొండు స్లైడులు చూపించాడు. అయ్యాక మిసెస్ హార్గ్రీవ్ ఒకే ప్రశ్న వేసింది. "ఈ పిల్లలు ఎలాగూ తెలివైనవాళ్ళు కదా, ఎక్కడున్నా నెగ్గుకొస్తారు. వాళ్ళకి ఈ క్లాసు ఎందుకు?"

అంతే, హాలు గుప్పున మండింది. కోదండరామ్ లేచి కేకలు వేశాడు. వెనక వరసల్లో ఎవరో సిగ్గు లేదా అన్నారు. ఇంకెవరో రాజీనామా చెయ్యమన్నారు. అసలు విడ్డూరమేమిటంటే, గొంతు పెంచడం రాని వంశీధర్ కూడా మైకు ముందుకు వంగి, "మీలాంటివాళ్ళకి ఎంత చెప్పినా అర్థం కాదు" అనేశాడు. కడుపునొప్పి అంటూ ముడుచుకుని పడుకున్న పిల్ల కళ్ళముందు కనబడి నోరు జారింది. మిసెస్ హార్గ్రీవ్ మీటింగ్ ముగియగానే కాగితాలు పోగేసుకుని, కోటు కుర్చీకే వదిలేసి వెళ్ళిపోయింది. కమిటీ వాళ్ళు ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు.

ఇంటికి చేరేసరికి వాట్సాప్ గ్రూపులో ఫొటో ఉంది. పార్కింగ్ లాట్, కురుస్తున్న మంచు, కారు పక్కన మిసెస్ హార్గ్రీవ్, ఆమె భుజాల మీద ఎర్ర అంచు శాలువా, చేతిలో ఆపిల్. పక్కన రాజుగారు పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్నారు.

గ్రూపులో పిడుగు పడింది. "శత్రువుకి సన్మానమా!" అని కోదండరామ్ రాశాడు. మన పరువు తీశారని ఒకరు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి, తాగి వచ్చిందేమో అని ఇంకొకరు. రాజుగారి నుంచి ఒకటే సందేశం వచ్చింది. "చలిగా ఉందండి."

అసలు దెబ్బ వారం తర్వాత తగిలింది. బోర్డు నుంచి కమిటీకి ఉత్తరం. ఓటు వేయాల్సిన ట్రస్టీకి మీ అధ్యక్షుడు బహుమతి ఇచ్చినట్టు మా దృష్టికి వచ్చింది, ఆవిడే స్వయంగా తెలియజేశారు, నియమాల ప్రకారం లాయరు పరిశీలిస్తున్నారు, వచ్చే సమావేశంలో ప్రకటిస్తాం, అని.

వంశీధర్ బేస్‌మెంట్‌లో అత్యవసర సమావేశం జరిగింది. రాజుగారు వచ్చి, ఎప్పటిలాగే అందరినీ పేరు పేరునా పలకరించి కూర్చున్నారు.

"దీన్ని లంచమంటారు సార్!" అన్నాడు కోదండరామ్.

"శాలువానా అండి?"

"శాలువానే! ఆపిల్ కూడా!"

"మా దగ్గర ఇవ్వకపోతే తప్పండి. ఇక్కడ ఇస్తే తప్పా?" అన్నారు రాజుగారు. ఆయన మొహంలో మొదటిసారి నిజమైన కంగారు కనిపించింది. "ఆవిడకి ఇబ్బందేమైనా వస్తుందంటారా?"

"ఆవిడకి కాదు అంకుల్, మనకి" అన్నాడు వంశీధర్. "ఆమె ఓటు చెల్లదంటే ఒక తంటా. చెల్లి, మనమీద కోపంతో ఎత్తేయమని వేస్తే ఇంకో తంటా. నా బిడ్డ మళ్ళీ ఆ పాత క్లాసుకి పోతది. మళ్ళీ తెలిసి తెలిసి తప్పులు రాస్తది. మీరు పోయి ఆమెకి ఎందుకు కప్పిన్రో చెప్పండి ముందు."

చలిగా ఉందన్న మాట కూడా ఆ రోజు రాజుగారి నోట రాలేదు. "నేను రాజీనామా చేస్తానండి" అన్నారు. మెట్లెక్కుతూ ఆగి, "కొత్త అధ్యక్షుడికి ఒక శాలువా..." అని మొదలుపెట్టి, వంశీధర్ మొహం చూసి మానుకున్నారు. ఆ పూట మాత్రం మిల్టన్‌లో ఎవరి భుజాల మీదా ఏమీ పడలేదు.

మార్చి సమావేశం నాటికి హాలు నిండిపోయింది. పిల్లలు కూడా వచ్చారు. ధాత్రి, ఎమిలీ మొదటి వరసలో కూర్చుని ఏదో గుసగుసలాడుకుంటున్నారు. వంశీధర్ వాళ్ళ వైపు చూడలేకపోయాడు. రాజుగారు, జ్ఞానవతి గారు అన్నిటికంటే వెనక వరసలో సర్దుకున్నారు.

ఓటుకి ముందు మిసెస్ హార్గ్రీవ్ లేచింది. చేతిలో కాగితం ఉంది. "నాకు వచ్చిన బహుమతి, శాలువా ఒకటి, ఆపిల్ ఒకటి" అని చదివింది. డంకన్ దగ్గాడు. "లాయరు గారు దీన్ని పరిశీలించి, మర్యాదపూర్వకమైన చిన్న కానుకే కనుక నేను ఓటు వేయవచ్చన్నారు. శాలువా బోర్డు ఆఫీసులో అప్పగించాను. ఆపిల్ అప్పగించలేను, తినేశాను."

హాల్లో కొందరు నవ్వారు. ఆమె కాగితం కింద పెట్టింది.

"ఆ రోజు నేను బయటికి వెళ్ళి కార్లో కూర్చుని ఏడ్చాను. ఎవరో అద్దం తట్టారు. ఇంకో తిట్టు అనుకున్నాను. ఈయన నన్ను కిందికి దిగమని, ఇది కప్పి, ఉపన్యాసం ఇచ్చారు. సగం అర్థమైంది. మిగతా సగం మా అత్తగారి ఆరోగ్యం గురించి అనుకుంటాను. క్లాసు మాట మాత్రం ఎత్తలేదు. నేనే అడిగాను, మీరు ఆ కమిటీ అధ్యక్షుడు కదా, ఓటు అడగరా అని. అది ఇంకో రోజు మాట్లాడుకుందాం, ఇవాళ మీరు ఇంటికెళ్ళి వేడిగా ఏదైనా తాగండి, అన్నారు."

అందరి తలలూ వెనక్కి తిరిగాయి. రాజుగారు ముందు సీటు వెనకాల దాక్కోవడానికి ప్రయత్నించారు. ఆయన సైజుకి ఆ సీటు చాలలేదు.

"నేను అడిగిన ప్రశ్నకి ఆ రోజు నాకు కేకలు వచ్చాయి గానీ జవాబు రాలేదు. అందుకని మర్నాడు ఆ క్లాసుకే వెళ్ళి, రోజంతా వెనక కూర్చున్నాను. మధ్యాహ్నం ఒక చిన్నపిల్ల నా పక్కకి వచ్చింది. నేనూ కొత్తగా చేరానేమో అనుకున్నట్టుంది. 'ఇక్కడ కావాలని తప్పు రాయక్కర్లేదు, మీకు చెప్పారా?' అని అడిగింది." మిసెస్ హార్గ్రీవ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "నా ప్రశ్నకి జవాబు అదే. క్లాసు ఉండాలని నా ఓటు."

అయిదుకి నాలుగు. క్లాసు ఇంకో ఏడాది ఉంటుంది. నిధులు పెంచమని బోర్డు తరఫున ప్రావిన్సుకి లేఖ రాయాలని కూడా తీర్మానించారు, దానికి తొమ్మిది మందీ చేతులెత్తారు. ఆ లేఖకి జవాబు ఇప్పటికీ రాలేదు, అది వేరే సంగతి. ధాత్రి, ఎమిలీ కుర్చీలెక్కి గెంతారు. వంశీధర్ కళ్ళనీళ్ళు ఎవరికీ కనబడకుండా తుడుచుకుని, జనాన్ని తోసుకుంటూ వెనక వరసకి వెళ్ళాడు.

"అంకుల్, ఆమె ఏడుస్తుండెనని మాకెందుకు చెప్పలే?"

"ఏడ్చిన సంగతి ఊరంతా చెప్పుకుంటారేంటండి? బావుండదు" అన్నారు రాజుగారు. చెప్పి బూట్ల లేసు కట్టుకునే పనిలో పడ్డారు. ఆ బూట్లకి లేసులు లేవు.

జ్ఞానవతి గారు నవ్వారు. "ఈయన సంగతి నలభై ఏళ్ళుగా చూస్తున్నాను బాబూ. పెళ్ళికెళితే పెళ్ళికొడుక్కి కప్పరు. పప్పు మాడ్చి తిట్లు తిన్న వంటాయనకి కప్పుతారు. ఆ మంచు లారీ అతను ఆ పొద్దున్న ఎనిమిదిళ్ళ వాళ్ళతో మాటలు పడ్డాడు. ఆ డెంటిస్టుకి ఆ వారమే కోర్టు నోటీసు వచ్చింది. గెలిచినవాళ్ళకి ఈయన ఇంతవరకు ఒక్కటి కప్పలేదు."

వంశీధర్‌కి తన సంగతి గుర్తొచ్చింది. తను మిల్టన్ వచ్చిన రెండో నెలలో ఒక మధ్యాహ్నం రాజుగారు తలుపు కొట్టి తనకీ ఒకటి కప్పి వెళ్ళారు. ఎందుకో తెలియక విసుక్కుని, దాన్ని అలమారలో అడుగున పడేశాడు. ఆ వారమే అతని ఉద్యోగం పోయింది. ఇంట్లో భార్య చాముండేశ్వరికి తప్ప ఎవరికీ చెప్పలేదు. పని రోజున, పని వేళలో, వాకిట్లో ఊరికే నిలబడ్డ మనిషిని చూసి మూడిళ్ళ అవతల ఒకాయన గ్రహించేశాడన్నమాట.

"ఆంటీ, మీ బ్యాగులో ఒకటి ఉందా?"

"లోపలికి తేనని ఈయన మాటిచ్చారు. నేను ఇవ్వలేదుగా" అంటూ ఆవిడ పచ్చ అంచుది తీసి ఇచ్చారు.

వంశీధర్ కవర్ చింపి, శాలువా దులిపి రాజుగారి మీదికి వెళ్ళాడు. ఊరందరికీ కప్పిన మనిషి రెండడుగులు వెనక్కి వేసి, గోడకి ఆనుకుపోయి, రెండు చేతులూ అడ్డం పెట్టారు. "నాకెందుకండీ! మనం గెలిచాం కదా! ఇవాళ నేను బ్రహ్మాండంగా ఉన్నానండి!"

వంశీధర్ శాలువా పట్టుకుని ఆగిపోయాడు. హాల్లో ఎటు చూసినా నవ్వులు, కౌగిలింతలు. ముందు బల్ల దగ్గర మాత్రం డంకన్ ఒక్కడే వంగి కాగితాలు సర్దుకుంటున్నాడు. అటుగా వెళ్తున్న కోదండరామ్ ఆయనకి వినబడేలా ఏదో అని నవ్వాడు. డంకన్ చెవులు ఎర్రబడ్డాయి. చేతిలోంచి కాగితాలు జారి నేలంతా పరుచుకున్నాయి. మాట రాని పిల్లలకి టీచర్ల కోసం ఆయన రాసి తెచ్చుకున్న పట్టికలు అవి. ఎవరూ వంగి తీయలేదు.

వంశీధర్ కాళ్ళు అటు కదిలాయి. అంతమంది ముందు నడవడం అతనికి చచ్చేంత సిగ్గు. అయినా వెళ్ళి, ముందు మోకాళ్ళ మీద కూర్చుని కాగితాలన్నీ ఏరి ఇచ్చాడు. లేచి శాలువా విప్పేసరికి డంకన్ కంగారుగా చేతులు ఊపాడు.

"సర్, ద వోట్ ఈజ్ ఓవర్."

"ఎస్ సర్" అన్నాడు వంశీధర్. "దట్స్ వై."

అని ఆ పొడుగాటి మనిషి భుజాలు అందక మునివేళ్ళ మీద లేచి కప్పాడు. ఉపన్యాసం ఇవ్వాలని నోరు తెరిచాడు గానీ, "వచ్చే నెల మీ టీచర్ల కోసం లెటర్ రాద్దాం సార్, పట్టికలు నేను వేసిస్తా" అని ఇంగ్లీషులో అన్న మాట తప్ప ఇంకేమీ రాలేదు. డంకన్ ఆ మాటే ఇంకోసారి చెప్పమన్నాడు. వంశీధర్ ఇంకోసారి చెప్పాడు.

"అంచు లోపలికి పోయిందండీ వంశీధర్ గారూ!" వెనక వరస నుంచి రాజుగారి కేక హాలంతా మోగింది. "పైకి లాగండి! ఆ, అలాగ. కదలకండి, ఫొటో!"

ఇంటికి వెళ్తూ కారు వెనక సీట్లో ధాత్రి ఆ ఫొటోని ఫోన్లో పెద్దది చేసి చూసింది.

"నాన్నా, హూ ఈజ్ దిస్ అంకుల్?"

"మన క్లాసు వద్దని ఓటేసినాయన."

"ఆయన లాస్ట్ అయ్యారు కదా? దెన్ వై ఈజ్ హీ స్మైలింగ్?"

ఎర్ర లైటు దగ్గర బండి ఆపి వంశీధర్ వెనక్కి తిరిగి చూశాడు. నిజమే, డంకన్ నవ్వుతున్నాడు.